జూల్స్ వెర్న్: ఏ నవల ముందు చదవాలి, ఎవరి అనువాదం కొనాలి?

డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఆదివారం, ఆబిడ్స్ కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాల కుప్పలో నాకు ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ నవల 'ది మిస్టీరియస్ ఐలండ్' దొరికింది. అట్ట సగం ఊడిపోయింది, మొదటి పేజీ మీద ఎవరిదో పొడుగాటి సంతకం. నాలుగు రాత్రుల్లో చివరికంటా వచ్చేశాను. ద్వీపం అడుగున ఉన్న గుహలో, నీళ్ల మీద నిలిచిన నాటిలస్ అనే జలాంతర్గామిలో దాని నాయకుడు కెప్టెన్ నీమో మరణశయ్య మీద ఉంటాడు. ఆయన అసలు పేరు దక్కర్ అనీ, బుందేల్‌ఖండ్ రాజకుమారుడనీ, 1857లో కత్తి పట్టినవాడనీ అక్కడ తెలుస్తుంది. ఒళ్లు జలదరించింది. ప్రపంచమంతా చదివే సాహస నాయకుడు మనవాడు!

మరో పేరా తిరిగేసరికి ఆ సంతోషం ఆవిరైపోయింది. అరాచకంలో మగ్గుతున్న భారతీయులకు ఇంగ్లీషువారు శాంతినీ సౌభాగ్యాన్నీ తెచ్చిపెట్టారట. ప్రజల అజ్ఞానాన్నీ మూఢవిశ్వాసాన్నీ ఆసరాగా చేసుకుని స్వార్థపరులైన రాజులు వాళ్లను తిరుగుబాటుకు ఉసిగొల్పారట. నీమో నోరు తెరిచి ఇలాంటి కథ ఎలా చెబుతాడు? వెర్న్ మీద మనసు విరిగిపోయింది. ఏడేళ్లు ఆయన పుస్తకం ముట్టుకోలేదు.

ఆ మాటలు వెర్న్ రాయలేదని తెలిశాక నాకు కలిగిన బాధ ఇంకా పెద్దది. అవి 1875లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో చొప్పించినవి. ఫ్రెంచి మూలంలో దక్కర్‌కు ఇంగ్లండ్ మీద ఉన్నది ఓడిన జాతి మనిషికి గెలిచినవాడి మీద ఉండే ద్వేషం. ఐరోపా అంతా తిరిగినా తాను అడుగు పెట్టడానికి ఇష్టపడని ఏకైక దేశం అదే. తిరుగుబాటులో అతను ముందు వరుసలో నిలబడతాడు, ఇరవై పోరాటాల్లో పది గాయాలు తింటాడు. ఒకే పాత్ర, ఒకే ఘట్టం, పూర్తిగా తలకిందులైన అర్థం. అందుకే వెర్న్‌ను ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను నవల పేరు కన్నా ముందు అనువాదకుడి పేరు చెబుతాను.

ఇంత పేరున్న రచయితకు ఇలా ఎందుకు జరిగింది

కొంచెం ఆయన జీవితం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. వెర్న్ 1828 ఫిబ్రవరి 8న ఫ్రాన్స్‌లోని నాంత్ ఓడరేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి న్యాయవాది. కొడుకునూ అదే వృత్తిలో పెట్టాలని చదువుకు పారిస్ పంపితే, అబ్బాయి నాటకాల్లో పడ్డాడు. అలెగ్జాండర్ డ్యూమా అండతో 1850లో ఒక చిన్న నాటకం రంగస్థలం ఎక్కింది. పెళ్లయ్యాక ఇల్లు గడవడానికి షేర్ మార్కెట్‌లో పని చేస్తూ, తెల్లవారుజామున లేచి రాసుకునేవాడు. ముప్పై అయిదో ఏట, 1863లో, ఆఫ్రికా మీదుగా బెలూన్ ప్రయాణం గురించి రాసిన నవల పియెర్ జూల్ ఎట్జెల్ అనే ప్రచురణకర్త చేతిలో పడింది. అక్కడి నుంచి ఆయన జాతకమే మారిపోయింది.

ఎట్జెల్ వెర్న్‌కు అన్నం పెట్టాడు, పేరు తెచ్చాడు, చేతులు కూడా కట్టేశాడు. ఏడాదికి రెండు మూడు సంపుటాలు రాసి ఇవ్వాలని ఒప్పందం. ఆ నవలలు చాలావరకు ముందు ఎట్జెల్ నడిపే విద్యా వినోద పత్రికలో ధారావాహికలుగా వచ్చేవి. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కాబట్టి రాజకీయాలూ నిరాశా అందులో ఇమడవు. వెర్న్ రాసిన చీకటి నవల ఒకటి, ఇరవయ్యో శతాబ్దపు పారిస్‌లో కవులకు చోటు లేకుండా పోవడం గురించినది, ఎట్జెల్ తిప్పి పంపాడు. ఆ చేతిరాత ప్రతి ఇనప్పెట్టెలో పడి ఉండి, 1989లో మునిమనవడికి దొరికి, 1994లో గానీ అచ్చు కాలేదు. నీమో కూడా మొదట భారతీయుడు కాడు. 1863లో రష్యా మీద తిరగబడి ఓడిన పోలండ్ ప్రభువుగా వెర్న్ ఊహించాడు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవని ఎట్జెల్ అడ్డం పడ్డాడు. దాంతో 1870 నాటి 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' నవలలో నీమో ఏ దేశంవాడో చెప్పకుండానే కథ ముగిసింది. అయిదేళ్లకు, 'మిస్టీరియస్ ఐలండ్'లో, ఆ ఖాళీలోకి మన దేశం వచ్చి చేరింది.

పిల్లల పత్రికలో రాసినందుకు ఫ్రాన్స్‌లో ఆయనను పిల్లల రచయిత అన్నారు. 1870లో లీజన్ ఆఫ్ ఆనర్ పతకం ఇచ్చారు గానీ ఫ్రెంచి అకాడమీలో చివరిదాకా కుర్చీ ఇవ్వలేదు. ఆ లోటు ఆయనను జీవితాంతం కలచివేసింది. 1886 మార్చిలో మతి స్థిమితం తప్పిన ఒక బంధువు ఆయనను తుపాకీతో కాల్చాడు. అది అన్న కొడుకనీ, తమ్ముడి కొడుకనీ కలగాపులగంగా చెప్పే పుస్తకాలున్నాయి. కాల్చినది తమ్ముడు పాల్ కొడుకు గాస్టన్. గుండు కాలిలో దిగి వెర్న్ చనిపోయేదాకా కుంటుతూనే నడిచాడు. ఎనిమిది రోజులకే ఎట్జెల్ పోయాడు. ఆ తర్వాతి నవలల్లో నవ్వు తగ్గిందని చదివినవారికి తెలిసిపోతుంది. తాను స్థిరపడ్డ అమియెన్ పట్టణంలో కౌన్సిలర్‌గా చాలా ఏళ్లు పనిచేసి, 1905 మార్చి 24న అక్కడే కన్నుమూశాడు.

ఫ్రాన్స్‌లో 1950ల నాటికి మిషెల్ బ్యుతోర్, రోలాఁ బార్త్ వంటి పేరున్న రచయితలు, విమర్శకులు ఆయన మీద గంభీరంగా రాయడంతో గాలి మళ్లింది. ఇంగ్లీషు లోకంలో మాత్రం తప్పుడు అనువాదాలే అసలు వెర్న్‌గా చలామణీ అయ్యాయి. శాస్త్రం సరిగా తెలియదు, శైలి చప్పన, పాత్రలు బొమ్మలు అని విమర్శించినవారు విమర్శించింది చాలావరకు అనువాదకుల చేతివాటాన్నే. మన దగ్గరికి ఆయన వచ్చింది కూడా ఎక్కువగా ఇంగ్లీషు దారినే. కాబట్టి ఆ మరకలు మనకూ అంటాయి.

పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషంలో పట్టుకోవడం

'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' తీసుకోండి. రెండో అధ్యాయం మొదటి వాక్యం చూడండి. కథ చెప్పే ప్రొఫెసర్ ఆరొనాక్స్ అమెరికాలోని నెబ్రాస్కా నుంచి అప్పుడే తిరిగి వచ్చానంటాడు. ఆ వాక్యంలో నెబ్రాస్కాకు ముందు 'డిసగ్రీయబుల్ టెరిటరీ' అని ఉంటే పుస్తకం అక్కడే పెట్టేయండి. ఫ్రెంచిలో వెర్న్ రాసినది 'మోవేజ్ తేర్'. మాటకు మాట చూస్తే చెడ్డ నేలలు. వానకూ గాలికీ కోసుకుపోయి, శిలాజాలు బయటపడే ఆ భూములను ఇంగ్లీషులో బ్యాడ్‌లాండ్స్ అంటారు. ప్రకృతి శాస్త్రవేత్త వెళ్లవలసిన చోటే అది. ఆ సంగతి తెలియని అనువాదకుడు దాన్ని 'నచ్చని ప్రాంతం' చేసేశాడు.

ఆయన పేరు లూయిస్ మెర్సియర్, ఇంగ్లండ్‌లో మతాచార్యుడు. 1872లో వచ్చిన ఆయన అనువాదం మూలంలో అయిదో వంతుకు పైగా ఎగరగొట్టింది. లెక్కలు, చేపల వర్ణనలు, రాజకీయ ధ్వని ఉన్న మాటలు ఎక్కువగా పోయాయి. మిగిలిన లెక్కలు కూడా క్షేమంగా లేవు. నాటిలస్ పొట్ట ఎలా కట్టారో నీమో వివరించే చోట, ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లని వెర్న్ రాశాడు. మెర్సియర్ దశాంశం జరిపి, ఉక్కు నీటికన్నా తేలిక అన్నట్టు చేశాడు. అది చదివిన ఇంజనీరింగ్ విద్యార్థి వెర్న్‌కు ఎన్ని మార్కులు వేస్తాడు? అమెరికాలో వాల్టర్ జేమ్స్ మిల్లర్ అనే ఆచార్యుడు 1960లలో మూలంతో పోల్చి చూసి ఈ తప్పులన్నీ బయటపెట్టేదాకా దాదాపు తొంభై ఏళ్లు లోకం ఆ పుస్తకాన్నే చదివింది. హక్కుల గడువు తీరిపోయి ఉచితం కాబట్టి, చవక ప్రచురణలు ఈనాటికీ దాన్నే అచ్చేస్తున్నాయి. మెరిసే కొత్త అట్ట చూసి మోసపోకండి.

'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది అర్త్' అయితే పరీక్ష ఇంకా తేలిక. ప్రొఫెసర్ పేరు లీడెన్‌బ్రాక్, మేనల్లుడు ఆక్సెల్ అని ఉండాలి. హార్డ్‌విగ్, హ్యారీ అని కనిపిస్తే అది 1870ల మొదట్లో వచ్చిన అనువాదం. అనువాదం అనడం కూడా పెద్ద మాటే. పేర్లు మార్చి, మూలంలో లేని సంగతులు కలిపి రాసుకున్న కథ అది. 'మిస్టీరియస్ ఐలండ్'లో ఇంజనీరు పేరు సైరస్ స్మిత్. సైరస్ హార్డింగ్ అని ఉంటే నేను ఆబిడ్స్‌లో కొన్న పుస్తకమే మీ చేతిలోనూ ఉందన్నమాట. దాని మీద డబ్ల్యూ. హెచ్. జి. కింగ్‌స్టన్ పేరు ఉంటుంది. పని చేసింది ఆయన భార్య ఆగ్నెస్ అని తర్వాత తేలింది.

తెలుగులో పిల్లల కోసం కుదించిన రూపాలు మీ ఇంట్లో ఉండవచ్చు. వాటిని తీసిపారేయనక్కరలేదు, పదేళ్ల పిల్లకు కథ పరిచయం కావడానికి అవి పనికొస్తాయి. కుదింపేనా అని అనుమానం వస్తే అధ్యాయాలు లెక్కపెట్టండి. సముద్రగర్భ నవలకు 47, భూగర్భ యాత్రకు 45, ఎనభై రోజుల యాత్రకు 37, 'మిస్టీరియస్ ఐలండ్'కు 62 ఉండాలి. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన అనువాదం మంచిదని కాదు. మెర్సియర్ పుస్తకంలోనూ 47 ఉంటాయి, లోపలి పేజీలే చిక్కిపోయి ఉంటాయి.

ఇప్పుడు నవలలు

మొదటిసారి చదివేవారి ముందు నిలిచే పోటీ నిజానికి ఈ నాలుగింటి మధ్యే.

'అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్' అన్నిటికన్నా తేలిక. చిన్న చిన్న అధ్యాయాలు, ఎక్కడా ఆగని పరుగు, రెండు సాయంత్రాల పని. 1872లో దినపత్రికలో ధారావాహికగా వచ్చింది కాబట్టి ప్రతి అధ్యాయం చివరా ఒక ముడి వేసి వదులుతాడు. అనువాదాల వల్ల తక్కువ నష్టపోయిన నవల కూడా ఇదే. జార్జ్ మేక్‌పీస్ టౌల్ 1873లో చేసిన పాత అనువాదం ఉచితంగా దొరుకుతుంది, చదువుకోవడానికి బాగానే ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్‌లో విలియం బుచర్ చేసినది, లేదా పెంగ్విన్ క్లాసిక్స్‌లో మైకేల్ గ్లెన్‌క్రాస్ చేసినది తీసుకోండి. బెలూన్ కోసం వెతకకండి. అది 1956 నాటి సినిమా పెట్టిన ముచ్చట, నవలలో లేదు.

కానీ భారతీయ పాఠకుడికి ఇందులో ఒక ముల్లు ఉంది. కథానాయకుడు ఫిలియాస్ ఫాగ్ బొంబాయిలో దిగుతాడు, సేవకుడు పాస్‌పర్తూ మలబార్ హిల్ గుడిలోకి బూట్లతో పోయి తన్నులు తింటాడు, ఖోల్బీ అనే ఊరి దగ్గర రైలు పట్టాలు ఆగిపోతాయి, ఫాగ్ రెండు వేల పౌండ్లు పోసి ఏనుగును కొంటాడు. అక్కడిదాకా హాయిగా నవ్వుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే కాళికా ఊరేగింపు, సతి, ఔదా అనే యువతిని చితి మీద నుంచి కాపాడడం, ఇవన్నీ మన దేశానికి ఎన్నడూ రాని మనిషి పుస్తకాల్లో చదివి అల్లిన దృశ్యాలు. మన జనం అందులో ఒక గుంపుగా తప్ప మనుషులుగా కనబడరు. బొంబాయి, కలకత్తా రైలు మార్గం 1870లోనే జబల్‌పూర్ దగ్గర కలిసిపోయింది కాబట్టి, 1872లో ఆ పట్టాల ఖాళీ కూడా లేదు. కథ కోసం వెర్న్ తీసుకున్న చనువు అది. పిల్లలతో చదివేటప్పుడు ఈ అధ్యాయాల దగ్గర ఆగి నాలుగు మాటలు మాట్లాడితే మంచిది. దాటేసి పోతే ఆ బొమ్మే మనసులో ఉండిపోతుంది.

'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది అర్త్' పన్నెండు, పద్నాలుగేళ్ల వాళ్లకు నా మొదటి సలహా. హాంబర్గ్ ఇంట్లో పాత పుస్తకంలోంచి రాలిపడ్డ గూఢలిపి కాగితం, ఐస్‌లాండ్‌లోని స్నెఫెల్స్ అగ్నిపర్వతం, అక్కడి నుంచి లోపలికి దిగుడు. మొదటి వంద పేజీల్లో ఇంకా భూమి మీదే ఉంటాం, ఓపిక పట్టాలి. లోపలికి దిగాక నీళ్లు అయిపోయే ఘట్టం కోసమైనా పట్టాలి. ఆక్సెల్ నాలుక పిడచకట్టుకుపోయి పడి ఉంటే, మాట్లాడని మార్గదర్శి హాన్స్ రాతిగోడకు చెవి ఆనించి, గునపంతో పొడుస్తాడు. చిమ్మిన నీళ్లు తాగబోతే సలసల కాగుతుంటాయి. చల్లారేదాకా ఎదురు చూడాలి! ఆ చిన్న ఆలస్యం కల్పించగలగడం వెర్న్ విద్య. బుచర్ అనువాదం లేదా పెంగ్విన్‌లో ఫ్రాంక్ వైన్ అనువాదం, రెండూ నమ్మకమైనవే. వైన్ ఇంగ్లీషు మరింత సాఫీగా సాగుతుంది కాబట్టి పిల్లలకు అదే ఇస్తాను.

ఇక నా మనసు దోచిన రెండు. ఇవి విడదీయరాని జంట.

సముద్రగర్భ నవల ముందు చదవాలి, 'మిస్టీరియస్ ఐలండ్' తర్వాత. ఈ వరుస తప్పితే నీమో ఎవరన్న రహస్యం ముందే తెలిసిపోయి, మొదటి నవలలో ఆయన మౌనానికి ఉన్న బరువు పోతుంది. ఇరవై వేల లీగులంటే లోతు అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది ప్రయాణించిన దూరం. లీగుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 80 వేల కిలోమీటర్లు. ఆ దారిలో బంగాళాఖాతం ముఖద్వారం కూడా ఉంది. గంగ మోసుకొచ్చిన శవాలు అలల మీద తేలడం, రాత్రి సముద్రమంతా పాలలా తెల్లగా వెలగడం అక్కడే చూస్తారు.

దాని తర్వాత సింహళం దగ్గర ముత్యాల గట్టు. ఒక పేద భారతీయుడు కాళ్ల మధ్య రాయి పట్టుకుని మునిగి, ఊపిరి బిగపట్టి ఆల్చిప్పలు ఏరుతుంటాడు. షార్క్ మీద పడుతుంది. నీమో బాకు దూసి ఎదురెళ్తాడు. మనిషిని పైకి తెచ్చి, కోలుకున్నాక, జేబులోంచి ముత్యాల సంచి తీసి అతని వణికే చేతిలో పెడతాడు. మనుషులతో తెగతెంపులు చేసుకున్నానని చెప్పే మీరు ఇలా ఎందుకు చేశారని ఆరొనాక్స్ అడిగితే వచ్చే జవాబు: ఆ భారతీయుడు అణగారినవారి దేశానికి చెందినవాడు, చివరి ఊపిరి దాకా నేనూ ఆ దేశస్థుడినే. ఈ మాట రాసేటప్పటికి నీమో భారతీయుడవుతాడని వెర్న్‌కే తెలియదు. అందుకే నాకు అది మరీ విలువైనదిగా తోస్తుంది. నీమో గది గోడల మీది బొమ్మలు కూడా గమనించండి, అన్నీ స్వేచ్ఛ కోసం నిలబడినవారివే: పోలండ్ కొసియుస్కో, గ్రీసు బొట్సారిస్, ఐర్లండ్ ఓ'కానెల్, ఇటలీ మనీన్, అమెరికా నుంచి వాషింగ్టన్, లింకన్, జాన్ బ్రౌన్.

అనువాదాల్లో నా మొదటి ఓటు బుచర్‌కే (ఆక్స్‌ఫర్డ్, 1998). ఆయన చేతిరాత ప్రతులు చూసి రాసిన వివరణలు వెనకాల ఉంటాయి. డేవిడ్ కవర్డ్ పెంగ్విన్ అనువాదం చదవడానికి హాయిగా ఉంటుంది. డబ్బు పెట్టలేనివారికి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఎఫ్. పి. వాల్టర్ అనువాదం ఉచితంగా ఉంది, పూర్తిది, మంచిది. అదే చోట మెర్సియర్‌దీ ఉంది కాబట్టి దించుకునే ముందు పేరు చూసుకోండి. ఒక్క సలహా: చేపల పేర్ల పట్టికలు వచ్చినప్పుడు వేగంగా చదివేయండి, తప్పు లేదు. అవి పుస్తకంలో ఉండాలి, కానీ మొదటిసారే అన్నీ నమలనక్కరలేదు.

'మిస్టీరియస్ ఐలండ్' లావు పుస్తకం. అమెరికా అంతర్యుద్ధంలో బందీలైన అయిదుగురు మనుషులు, ఒక కుక్క బెలూన్‌లో తప్పించుకుని పసిఫిక్‌లో నిర్మానుష్య ద్వీపం మీద పడతారు. చేతిలో ఏమీ లేదు. రెండు గడియారాల అద్దాలు కలిపి మధ్యలో నీళ్లు నింపి భూతద్దం చేసి నిప్పు రాజేస్తారు. ఇటుకలు కాలుస్తారు, ఇనుము కరిగిస్తారు. ఒకరోజు కుర్రవాడు హెర్బర్ట్ కోటు అస్తరులో ఒక్క గోధుమ గింజ దొరుకుతుంది. ఒక్కటే. నావికుడు పెన్‌క్రాఫ్ట్ దాన్ని చూసి పెదవి విరుస్తాడు. స్మిత్ లెక్క చెబుతాడు: ఒక గింజకు పది వెన్నులు, వెన్నుకు ఎనభై గింజలు. మొదటి పంటకు 800, రెండో పంటకు 6,40,000, మూడో పంటకు 51 కోట్ల 20 లక్షలు. విత్తనం విలువ తెలిసిన మన ఇళ్లలో ఈ పేజీ పెద్దవాళ్లకు చదివి వినిపించి చూడండి. మా నాన్నగారు మళ్లీ చదవమన్నారు.

వెలితి లేకపోలేదు. దక్కర్‌ను టిప్పు సుల్తాన్ బంధువర్గంలో, మేనల్లుడి వరుసలో పెట్టాడు వెర్న్. టిప్పు 1799లోనే మరణించాడు, దక్కర్ పుట్టింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకు. పైగా ఆ వంశానికీ బుందేల్‌ఖండ్‌కూ పొత్తు కుదరదు. రెండు నవలల తేదీలు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. నా వరకు ఇవేవీ నీమోను చిన్నబుచ్చవు. ఇక్కడ అనువాదం విషయంలో మాత్రం రాజీ వద్దు. 2001లో వచ్చిన రెండే చూడండి: సిడ్నీ క్రావిట్జ్ (వెస్లియన్), జోర్డన్ స్టంప్ (మోడరన్ లైబ్రరీ). స్టంప్ వచనం అందంగా ఉంటుంది, క్రావిట్జ్ మూలానికి అంటిపెట్టుకుని ఉంటాడు. మొదటిసారికి స్టంప్ చాలు. ఇవి దొరకక, కింగ్‌స్టన్ పుస్తకమే దిక్కయితే, నీమో గతం చెప్పే అధ్యాయంలో 1857 గురించి ఉన్నది వెర్న్ గొంతు కాదని గుర్తుంచుకుని చదవండి.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా. ఆవిరి ఏనుగు లాగే బండిలో ఉత్తర భారతం తిరిగే 'ది స్టీమ్ హౌస్' (1880) మన దేశం గురించి కాబట్టి ముందు చదవాలనిపిస్తుంది, ఆగండి. అందులో నానా సాహెబ్ ప్రతినాయకుడు, కథ ఆంగ్ల కల్నల్ పగ వైపు నుంచి నడుస్తుంది. వెర్న్‌తో పరిచయం కుదిరాక చదివితే ఆయనలోని రెండు మనసులూ కనిపిస్తాయి. 'మైకేల్ స్ట్రోగాఫ్' (1876) అచ్చమైన సాహస కథ, రైలు ప్రయాణానికి బాగుంటుంది. తోకచుక్క మీద సాగే 'హెక్టర్ సర్వడాక్'లో యూదు వ్యాపారిని చిత్రించిన తీరు జుగుప్స కలిగిస్తుంది, మొదటి పుస్తకంగా వద్దు. 1905 తర్వాత అచ్చయిన నవలలు కొన్ని కొడుకు మిషెల్ తిరగరాసినవి. అసలు ప్రతులు 1970ల తర్వాత గానీ వెలుగులోకి రాలేదు కాబట్టి, వాటిని కొనేటప్పుడు మూల చేతిరాత నుంచి అనువదించారా అని చూసుకోవాలి.

జీవితచరిత్ర చదవాలంటే

పదకొండేళ్ల వెర్న్, బంధువుల అమ్మాయి కరొలీన్‌కు పగడాల దండ తెస్తానని ఓడ ఎక్కి పారిపోయాడనీ, తండ్రి పట్టుకొచ్చి కొడితే 'ఇకపై కలల్లోనే ప్రయాణిస్తాను' అని మాట ఇచ్చాడనీ మీరు వినే ఉంటారు. 1928లో ఆ కుటుంబానికి చెందిన మార్గరీట్ అలోత్ ద లా ఫ్యూయి రాసిన జీవితచరిత్రలోది ఆ కథ. నిలబడే ఆధారం లేదు. కలల్లోనే ప్రయాణించినవాడు మూడు సొంత పడవలు కొంటాడా? 1867లో గ్రేట్ ఈస్టర్న్ ఓడలో అమెరికా వెళ్లి నయాగరా చూసి వస్తాడా? ఆ పుస్తకాన్ని కుటుంబ జ్ఞాపకంగా చదవవచ్చు, చరిత్రగా కాదు.

మనవడు జాఁ జూల్-వెర్న్ 1973లో రాసినది మరింత నిజాయితీగా ఉంటుంది. వృద్ధాప్యంలోని వెర్న్‌ను చిన్నప్పుడు చూసిన మనిషి కాబట్టి ఇంటి వాతావరణం అందులో దొరుకుతుంది. హెర్బర్ట్ లాట్‌మన్ పుస్తకం (1996) సంగతులు వరుసగా, సులువుగా చెబుతుంది. ఒక్కటే చదవాలనుకునేవారికి అది సరిపోతుంది. ఎట్జెల్ కలం ఎక్కడెక్కడ అడ్డుపడిందో తెలుసుకోవాలంటే విలియం బుచర్ (2006) చదవాలి. వాదన కొంత ఘాటుగా ఉంటుంది, కొన్ని తీర్పులతో నేను ఏకీభవించను, అయినా చేతిరాత ప్రతులు తిరగేసిన మనిషి మాటకు ఉండే బలం వేరు.

నీమో చివరి మాట సంగతి అలా చేతిరాతలు చూసినవాళ్ల వల్లే బయటపడింది. అచ్చయిన 'మిస్టీరియస్ ఐలండ్'లో ఆయన 'దేవుడు, దేశం' అని గొణిగి కన్నుమూస్తాడు. ఏ అనువాదం కొన్నా అక్కడ ఉండేది అదే, ఎందుకంటే ఫ్రెంచి ప్రచురణలోనే ఎట్జెల్ దాన్ని అలా మార్పించాడు. వెర్న్ మొదట రాసినది ఒకే ఒక మాట: స్వాతంత్ర్యం. స్టంప్ అనువాదం కొన్న రోజునే ఆ పేజీ వెతికి, అంచున పెన్సిల్‌తో ఆ మాట రాసుకున్నాను.